ఆర్‌ఎక్స్ 100కి రేసు పార్టులు: మన పిల్లలతో నాకున్న పేచీ

కాస్త పెద్దదే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. స్కాలర్‌షిప్పు, హాస్టల్ మెస్సు, రోస్టర్ పాయింట్ల గురించి మాట్లాడుకునే చోట బండ్ల గోలేంటి అనుకోకండి. మన కాలనీల్లో ఇంటర్ ఆపేసిన మగపిల్లల్లో సగం మంది ఏదో ఒక మెకానిక్ షెడ్డులోనే తేలుతున్నారు. వాళ్ల సంగతి మనం మాట్లాడుకోకపోతే ఇంకెవరు మాట్లాడతారు?

మా బాబాయి కొడుకు వడ్లమూడి దగ్గర షెడ్డులో పనిచేస్తాడు. గుంటూరు-తెనాలి రోడ్డు మీద అటూ ఇటూ తిరిగే కాలేజీ పిల్లల బళ్లు చాలావరకు వాడి చేతి మీదుగానే పోతాయి. నేను పుస్తకంలో మెకానికల్ చదివినవాణ్ణి, వాడు చేత్తో చదివినవాడు. ఇంజన్ శబ్దం విని పిస్టన్ రింగు పోయిందా, బేరింగు పోయిందా చెప్పేస్తాడు. నాకింకా రాదు.

వాడు రెండేళ్లుగా డబ్బు దాచుకుని ఒక పాత ఆర్‌ఎక్స్ 100 కొన్నాడు. కొన్నాడు అంటే కొంత బండి, కొంత తుక్కు. దానికి ముందు ఆర్15 ఫోర్కులు ఎక్కించాడు. డిస్కు బ్రేకు పెట్టాడు. వెనక వెడల్పు టైరు, క్లిప్ ఆన్ హ్యాండిల్, పెద్ద కార్బొరేటరు, సిలిండరుకి పోర్టింగు, కింద చాంబరు సైలెన్సరు. కొన్ని పార్టులు విజయవాడ ఆటోనగర్‌లో, కొన్ని ఎవరో స్నేహితుడి ద్వారా చెన్నై పుదుపేట నుంచి తెప్పించాడు. బండి స్టార్ట్ చేస్తే కాలనీలో చంటిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. వాడి మొహంలో ఆనందం చూడాలి గానీ!

మా పెద్దోళ్లు మాత్రం "తినడానికి లేకపోయినా తిరగడానికి బండి కావాల్సొచ్చిందా" అన్నారు. ఇక్కడే నా మొదటి పేచీ, అది పెద్దోళ్లతో.

పిల్లోడు తాగి డబ్బు తగలెయ్యలేదు. పేకాడలేదు. ఒక యంత్రాన్ని పూర్తిగా విప్పి, అది ఎందుకు అలా పనిచేస్తుందో తెలుసుకుని, మళ్లీ బిగించాడు. ఇదే పని కాలేజీలో చేస్తే ప్రాజెక్టు అంటారు, మార్కులేస్తారు. తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావు గారి సూర్య శిల్పశాలలో బళ్ల గేర్లు, చైన్లు, నట్లు లాంటి ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేస్తుంటే దేశమంతా మెచ్చుకుంది. అదే తుక్కుతో మనవాడు నడిచే బండి చేస్తే "పోకిరి" అయిపోయాడు.

న్యూజిలాండ్‌లో ఇన్వర్‌కార్గిల్ అనే ఊళ్లో బర్ట్ మన్రో అని ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గర 1920 మోడల్ ఇండియన్ స్కౌట్ ఉండేది. (పేరు ఇండియన్ గానీ అది అమెరికా కంపెనీ బండి, మనకి సంబంధం లేదు.) కొత్తలో గంటకి 90 కిలోమీటర్లు దాటని బండి. దాన్ని ఆయన దశాబ్దాల తరబడి షెడ్డులో విప్పుతూ బిగిస్తూ, పాత డబ్బాలు అచ్చులుగా పెట్టి పిస్టన్లు సొంతంగా పోత పోసుకుంటూ పెంచాడు. 1967లో అమెరికాలోని బానవిల్ ఉప్పు మైదానంలో 1000 సీసీ లోపు తరగతిలో గంటకి 295 కిలోమీటర్ల రికార్డు పెట్టాడు. అప్పటికి ఆయన వయసు అరవై దాటింది. 2005లో ఆయన మీద సినిమా కూడా వచ్చింది. అందుకే మా బాబాయికి చెప్పా, పాత బండిని వేగంగా పరిగెత్తించాలనుకోవడం పోకిరితనం కాదని. అయితే ఇంకో మాట కూడా చెప్పా. మన్రో ఆ రికార్డు పెట్టింది ఉప్పు మైదానంలో. ఊరి సెంటర్లో కాదు.

ఇక రెండో పేచీ తమ్ముడితో. ఇది అసలైనది.

ఆర్‌ఎక్స్ 100 అంటే మనకెందుకింత పిచ్చి? 1985 నుంచి 1996 దాకా ఎస్కార్ట్స్, యమహా కలిసి ఇక్కడ తయారుచేసిన బండి. 98 సీసీ, 11 హార్స్‌పవర్. నాలుగే గేర్లు. రెండు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. బరువు సుమారు వంద కిలోలు. బరువు తక్కువ కాబట్టే ఆ చిన్న ఇంజను కూడా అలా ఎగురుతుంది. 2018లో సినిమా వచ్చాక బండి పుట్టకముందు బండి ఆగిపోయిన పిల్లలకి కూడా మోజు పట్టింది. ఇప్పుడు కాగితాలు సరిగా ఉండి, ఒరిజినల్‌గా ఉన్న బండికి లక్ష దాటి అడుగుతున్నారు.

ఇంత తేలికైన బండికి బరువైన బండి పార్టులు తగిలిస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఆర్15 బరువు సుమారు 140 కిలోలు. దాని ఫోర్కుల్లో స్ప్రింగులు ఆ బరువుకి లెక్కగట్టి పెట్టినవి. వంద కిలోల బండికి అవి గట్టిగా ఉంటాయి, గుంటలో పడినప్పుడు నొక్కుకోవు, చక్రం నేల మీద నుంచి లేస్తుంది. చక్రం గాల్లో ఉన్నప్పుడు ఎంత మంచి డిస్కు ఉండి ఏం లాభం? ఇంకోటి. ఫోర్కు పొడవు మారితే హ్యాండిల్ తల వాలు మారుతుంది. పొట్టి ఫోర్కు పెడితే బండి ముందుకి వంగి, స్టీరింగు మరీ చురుగ్గా అయిపోయి, వేగం మీద చిన్న గుంట తగిలినా హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకుంటుంది. స్టెమ్ము సరిపోకపోతే లేత్ మీద తిప్పించి, కొన్నిచోట్ల వెల్డింగు పెట్టి ఎక్కిస్తారు. బండి మొత్తం బరువు బ్రేకు వేసినప్పుడు పడేది సరిగ్గా ఆ జాయింటు మీదే. అక్కడ వెల్డింగు ఊడితే చెప్పడానికి మనిషి మిగలడు.

రేసు పార్టు అంటే "ఇంకా మంచి పార్టు" అని మనవాళ్ల నమ్మకం. కాదు. రేసు పార్టు ఒక్క పనికే మంచిది. రేసు టైరు బాగా వేడెక్కితేనే పట్టిస్తుంది. ట్రాకు మీద నాలుగు రౌండ్లు తిరిగితే వేడెక్కుతుంది, వడ్లమూడి నుంచి తెనాలి పోయేలోపు వేడెక్కదు. రేసు బ్రేకు ప్యాడ్లు కూడా అంతే, చల్లగా ఉంటే మొదటి నొక్కులో జారతాయి. ట్రాకు మీద ఇసుక రేణువు కనపడితే జెండా ఊపుతారు. మన రోడ్డు మీద కోతల టైములో రోడ్డు సగం వడ్లో మొక్కజొన్నలో ఆరబోసి ఉంటాయి. కంకర టిప్పరు వెళ్లిన దారంతా కంకరపొడే. అక్కడ స్లిక్కు టైరు వేసుకుని వంచుతానంటే ఎట్లా తమ్ముడూ?

చాంబరు సంగతి చెప్పాలి, ఎందుకంటే అందులో కథ ఉంది. టూ స్ట్రోక్ ఇంజన్లో కాలిన పొగతో పాటు కొంత పచ్చి పెట్రోలు కూడా బయటికి పోతుంది. సైలెన్సరు పొట్టని ఒక లెక్క ప్రకారం ఉబ్బించి, మళ్లీ సన్నం చేస్తే, ఒత్తిడి అల వెనక్కి తిరిగొచ్చి ఆ పెట్రోలుని మళ్లీ సిలిండరులోకి నెడుతుంది. దీన్ని తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ 1950లలో సాధించాడు. 1961లో ఆ కంపెనీ రైడరు ఎర్నెస్ట్ డెగ్నర్ దేశం వదిలి పారిపోయి ఆ విద్యని జపాన్ సుజుకికి పట్టుకుపోయాడు. మరుసటేడే సుజుకి బండి మీద 50 సీసీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మన పిల్లల కాళ్ల కింద మోగుతున్న ఆ ఇనుప గొట్టం వెనక ఇంత ఉంది. ఎంత మందికి తెలుసు?

కానీ ఆ అల సరిగ్గా తిరిగొచ్చేది కొన్ని ఆర్‌పీఎంల మధ్యే. దాని కింద బండి చచ్చినట్టు ఉంటుంది, ఆ గీత దాటగానే ఒక్కసారిగా తన్నుతుంది. ట్రాకు మీద అది బలం. ఎదురుగా స్కూలు ఆటో, పక్కన గేదెలు ఉన్న రోడ్డు మీద అది గండం. పైగా పెద్ద కార్బొరేటరు పెట్టి జెట్టు సరిగా కట్టకపోతే గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువై పిస్టన్ కాలిపోతుంది. 7,500 ఆర్‌పీఎం అంటే సెకనుకి 125 సార్లు పేలుడు. ఆయిల్ పంపు కంపెనీ లెక్కకే ఉండిపోతుంది, దాన్ని పీకేసి ట్యాంకులో ఆయిల్ కలుపుకునేవాళ్లు ఒక్కోసారి కొలత మర్చిపోతారు. అప్పుడు పిస్టన్ సిలిండరుకి పట్టేస్తుంది, వెనక చక్రం లాక్ అవుతుంది. క్లచ్చు పట్టుకునే లోపు మనిషి రోడ్డు మీద ఉంటాడు. పడ్డవాళ్లని నేను చూశా, మీరూ చూసుంటారు.

వేగం గురించి ఒక్క చిన్న లెక్క. 60లో పోయే బండి బ్రేకు వేశాక 28 మీటర్లలో ఆగిందనుకోండి. అదే బండి, అవే బ్రేకులు, 90లో అయితే 63 మీటర్లు కావాలి. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే ఆగే దూరం రెండుంబావు రెట్లు పెరుగుతుంది. ఇంకా చెయ్యి బ్రేకు మీదకి పోయే సెకనులో 25 మీటర్లు అదనం. అందుకే నా మాట ఒక్కటే: ముందు ఆపడం నేర్చుకో, తర్వాత ఉరికించు. డ్రమ్ములు కొత్త షూలు వేసి, కేబుళ్లు మార్చి, చక్రాల బేరింగులు, స్వింగ్ ఆర్మ్ బుష్షులు, ఫోర్కు ఆయిల్ సీళ్లు మార్చి చూడండి. ముప్ఫై ఏళ్ల బండిలో సగం రోగం వీటిలోనే ఉంటుంది. దీనికయ్యే ఖర్చు చాంబరు ఖర్చు కంటే పెద్ద ఎక్కువేం కాదు. కాకపోతే ఇది వినపడదు, కనపడదు. అందుకే ఎవడూ చెయ్యడు.

ఇంగ్లండులో 1950, 60లలో కుర్రాళ్లు ట్రయంఫ్ ఇంజను తీసి నార్టన్ ఫ్రేములో పెట్టి 'ట్రైటన్' అని బండి కట్టుకునేవాళ్లు. ఎందుకు అలా కట్టారు? ట్రయంఫ్ ఇంజనుకి బలముంది, నార్టన్ ఫెదర్‌బెడ్ ఫ్రేముకి నిలకడ ఉంది. బలాన్ని మోసే ఎముక ముందు వెతుక్కున్నారు. మనం బలం తెచ్చి, ముప్ఫై ఏళ్ల కిందటి సన్న గొట్టాల ఫ్రేము మీద వేస్తున్నాం.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది. ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇంజను మార్చినా ఆర్‌టీఓ అనుమతి కావాలి. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖాయం చేసింది. అదే ఏడాది సవరణలో 182ఏ వచ్చింది: అనుమతి లేకుండా మారిస్తే యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా రెండూ. ఒక్కో మార్పుకి, గమనించండి. మావాడి బండికి లెక్కేస్తే బండి ధర దాటింది. శబ్దానికి వేరే లెక్క. 80 నుంచి 175 సీసీ బండి తయారీలో 77 డెసిబుల్స్ దాటకూడదు. శబ్దం, పొగ నిబంధన మీరితే సెక్షన్ 190 కింద పది వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు ఉండొచ్చు, లైసెన్సు కూడా మూడు నెలలు ఆగుతుంది. "వింటేజ్ బండి అన్నా" అని తప్పించుకోవడం కూడా కుదరదు. 2021 రూల్స్ ప్రకారం వింటేజ్ అంటే యాభై ఏళ్లు దాటాలి, ఇంజనూ ఛాసిస్సూ పెద్దగా మార్చి ఉండకూడదు. మొట్టమొదటి ఆర్‌ఎక్స్‌కి కూడా యాభై నిండేది 2035లో.

ఇంతవరకు అందరికీ ఒకటే. మనకి ఇంకోటి ఉంది. దాని కోసమే ఇంత రాశా.

ఒకరోజు తమ్ముణ్ణి, వాడి స్నేహితుణ్ణి ఒకే చోట ఆపారు. ఇద్దరివీ మార్చిన బళ్లే. స్నేహితుడిది ఊళ్లో పెద్ద కుటుంబం. వాడికి చలానా రాసి, "సైలెన్సర్ మార్చుకో బాబూ" అని పంపేశారు. మావాణ్ణి ఊరు అడిగారు, కాలనీ పేరు చెప్పాడు. అంతే, మాట మారిపోయింది. "బండి ఎక్కడిదిరా? ఫోర్కులు ఎవరివి? బిల్లేది?" ఆర్‌సీ ఇంకా ఎప్పటిదో పాత ఓనరు పేరు మీదే ఉంది. పుదుపేట పార్టులకి బిల్లు లేదు. సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. మా బాబాయి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు బాబాయి మొహం నేను చూశా. ఫైన్ కట్టినందుకు కాదు ఆ బాధ.

1871లో తెల్లోళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. మన ఎరుకలోళ్ల పేర్లు, వేలిముద్రలు రాసుకున్నారు, ఊరు దాటాలంటే చీటీ తీసుకోమన్నారు. బాపట్ల పక్కన స్టూవర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి, మద్రాసు ప్రభుత్వంలో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. 1952లో దేశమంతటా ఆ ముద్ర తీసేశామన్నారు. చట్టం పోయింది, చూపు పోలేదు. అందుకే బిల్లు లేని ఫోర్కు వేరేవాడికి కక్కుర్తి, మనకి కేసు. ఇది అన్యాయమే. అన్యాయం అని తెలిసి కూడా కాగితం లేకుండా రోడ్డెక్కితే, ఆ చూపు ఉన్నవాడి చేతికి మనమే కర్ర ఇచ్చినట్టు.

దీనికి కొందరు తమ్ముళ్లు నాతో వాదించారు: "అంటే మనం ఎప్పుడూ భయపడుతూనే బతకాలా అన్నా? వాళ్లకి చలానా, మనకి భయమా?" ఈ ప్రశ్నకి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఆపినప్పుడు వేరుగా చూస్తే ఫిర్యాదు చెయ్యాలి, గుంపుగా వెళ్లి అడగాలి, మనలో లా చదివే అక్కలు, అన్నలు ఉన్నారు. కానీ ఆ పోరాటం చేసేవాడి జేబులో ఆర్‌సీ ఉండాలి. ఫారం 29, ఫారం 30 మీద పేరు మార్చుకోవడం, ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు తీసుకోవడం, వేరే ఆర్‌టీఓ పరిధి నుంచి తెస్తే ఎన్‌ఓసీ. పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి రెన్యువల్. కొనేముందే ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో కలుస్తున్నాయో లేదో చూసుకోండి. నంబరు గీకేసినట్టు ఉంటే ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. సెకండ్‌హ్యాండ్ పార్టు కొన్నా చిన్న చీటీ మీద షాపు ముద్ర అడగండి.

మరి వేగం మోజు ఎట్లా తీరాలి? దానికి చోటుంది. చెన్నై పక్కన ఇరుంగాట్టుకోటై ట్రాకు, కోయంబత్తూరులో కారి మోటార్ స్పీడ్‌వే. ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్సు తీసుకుని జాతీయ పోటీల్లో దిగొచ్చు. డ్రాగ్ రేసుల్లో పాత టూ స్ట్రోక్ బళ్లకి వేరే తరగతులు పెడతారు. మనవాడు చేసే పోర్టింగుకి, చాంబరుకి అక్కడ విలువ. రైడరుగానే వెళ్లక్కర్లేదు, టీముకి మెకానిక్‌గా వెళ్లొచ్చు. ఖర్చు తక్కువేం కాదు, నేను అబద్ధం చెప్పను. కానీ నలుగురు కలిసి ఒక బండి కట్టుకుంటే, ఒక్కొక్కడు ఒక్కో రోడ్డు బండిని పాడుచేసుకున్నదానికన్నా తక్కువే పడుతుంది. రోడ్డు మీద తిరిగే ఆర్‌ఎక్స్‌ని ఒరిజినల్‌గా బాగుచేస్తే దానికి మార్కెట్టు కూడా ఉంది. ఫ్రేము కోసిన బండిని ఎవడూ లక్షకి కొనడు.

ఇంకొక్క కోపం చెప్పి ఆపేస్తా. 2023లో పీఎం విశ్వకర్మ పథకం వచ్చింది, 18 చేతివృత్తులు. బుట్టలు, చాపలు, చీపుర్లు అల్లేవాళ్లు అందులో ఉన్నారు. చేపల వలలు అల్లేవాళ్లు ఉన్నారు. అంటే ఎరుకలోళ్లు, యానాదోళ్లు వాళ్ల తాతల పని చేస్తే గుర్తింపు, శిక్షణ, తక్కువ వడ్డీ అప్పు. అదే ఇంటి పిల్లోడు పానా పట్టుకుంటే ఆ జాబితాలో లేడు, బండి మెకానిక్ అందులో లేడు. బుట్టల పని తక్కువని కాదు నేననేది, మా నానమ్మ అల్లిన బుట్ట ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. కానీ మన పిల్లలు ఇప్పుడు ఏ పని చేస్తున్నారో చూసి అడగాల్సింది మనమే. ముందు నేర్చుకున్న పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్టు ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి పీఎంకేవీవైలో ఉంది. షెడ్డు పెట్టుకోవడానికి ఎన్‌ఎస్‌టీఎఫ్‌డీసీ స్వయం ఉపాధి రుణాలున్నాయి. ఐటీఐలో, ట్రైకార్‌లో తెలిసిన సీనియర్లు ఎవరైనా ఉంటే మన షెడ్డు పిల్లల్ని పదిమందిని కూర్చోబెట్టి ఒక ఆదివారం దారి చెప్పండి. వడ్లమూడిలో చోటు, టీలు నేను చూసుకుంటా.

మావాడు పోయిన వారం ఆర్‌సీ తన పేరు మీదకి మార్చుకోవడానికి కాగితాలు ఇచ్చాడు. పాత ఓనర్ని పట్టుకోవడానికే మూడు సార్లు రేపల్లె తిరిగాడు. చాంబరు తీసేసి పాత సైలెన్సరు బిగించాడు, కాలనీలో చంటిపిల్లలు నిద్రపోతున్నారు. ఆర్15 ఫోర్కులు మాత్రం తీయనంటున్నాడు. "స్ప్రింగులు మార్చి చూస్తా అన్నా, ఒక్క ఛాన్సు ఇవ్వు" అంటాడు. "రోడ్డు బండికి వద్దురా" అంటా నేను. నిన్న రాత్రి కూడా దాని మీద పదకొండింటి దాకా గొడవపడ్డాం.